సర్కార్లలో లెక్క ఎవరి చేతిలో ఉండేది?

సభకు నమస్కారం.

1765లో మొఘల్ చక్రవర్తి షా ఆలం ఉత్తర సర్కార్లను, అంటే గుంటూరు నుంచి ఉత్తరాన ఉన్న తెలుగు కోస్తా ప్రాంతాలను, ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. మరుసటి ఏడాది హైదరాబాద్ పాలకుడు నిజాం అలీ ఖాన్ ఒప్పుకున్నాడు. నిజాం సోదరుడు బసాలత్ జంగ్ అధీనంలో ఉన్న గుంటూరు మాత్రం 1788లో గాని కలవలేదు. భూమి వచ్చింది, లెక్క రాలేదు. ఏ ఊళ్లో ఎన్ని పుట్లు పండాయో ఊరి లెక్కలు రాసే కరణానికి తెలుసు, జమీందారుకు తెలుసు. మచిలీపట్నంలో కూర్చున్న వర్తకుల కౌన్సిల్‌కు తెలియదు. 1794లో కౌన్సిళ్లను రద్దుచేసి కలెక్టర్లను వేసినా ఆ చీకటి పోలేదు.

ఆ చీకట్లోనే 1802లో శాశ్వత పైసలా, అంటే జమీందారు కట్టాల్సిన శిస్తును ఎప్పటికీ మారకుండా ఖాయం చేసే ఏర్పాటు, చేశారు. పొలాలు కొలవలేదు. పాత వసూళ్లు చూసి, సాధారణంగా అందులో మూడింట రెండు వంతులు పేష్కష్‌గా, అంటే జమీందారు కంపెనీకి ఏటా కట్టాల్సిన సొమ్ముగా, ఖాయం చేశారు. జమీందారుల కింద లేని, కంపెనీ సొంత హవేలీ భూములను ముఠాలుగా, అంటే చిన్న ఎస్టేట్లుగా, విడగొట్టి వేలం వేశారు. కరణాన్ని నియమించే హక్కు కూడా జమీందారుకే ఇచ్చారు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే: సర్కారు తన కళ్లను తానే ఒకరికి అప్పగించింది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. వసూలు 3,000 వరహాలైతే పేష్కష్ 2,000. మిగిలిన వెయ్యిలోనే వసూలు ఖర్చులు, జమీందారు బతుకు. వాన తప్పి వసూలు 1,500కు పడినా కిస్తు 2,000 కట్టాల్సిందే. లోటుకు షావుకారు దగ్గర అప్పు, ఆ వడ్డీ మళ్లీ రైతు నెత్తిన. బకాయి పెరిగితే ఎస్టేటు జప్తు.

నందన నామ సంవత్సరం, 1832-33లో వచ్చిన కరువుతో ఈ ఏర్పాటు కూలిపోయింది. ఐదు లక్షల జనమున్న గుంటూరు జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. పొలం దున్నే మనిషే లేడు. పేష్కష్ అంకె మాత్రం కాగితం మీద అలాగే ఉంది. జమీందారీలు ఒక్కొక్కటే సర్కారు చేతికొచ్చాయి. విచారణకు వచ్చిన కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ 1846 నివేదికలో జిల్లా కచేరీ ఉద్యోగులే లెక్కలు దాచి సొమ్ము తిన్న తీరును బయటపెట్టాడు.

1859లో గుంటూరు, మచిలీపట్నం, రాజమండ్రి జిల్లాలను కలిపి కృష్ణా, గోదావరి జిల్లాలుగా మార్చారు. గుంటూరు మళ్లీ జిల్లా అయింది 1904లోనే. ఈలోగా, 1858లో మొదలైన సర్వేతో, సర్కారు భూముల్లో గొలుసులు పట్టుకుని పొలం పొలం కొలిచారు. పొలానికో నంబరు, దాని విస్తీర్ణం, దాని శిస్తు రిజిస్టరుకెక్కాయి.