దుర్భిణి కుదిర్చిన పెళ్ళి

నమస్కారం శ్రోతలారా. ఇవాళ లీ యూ అనే చైనా రచయిత గురించి. టైము తక్కువ కాబట్టి ఆయన జీవితం గబగబా చెప్పేసి కథలోకి వెళ్ళిపోతాను, ఆ కథంటే నాకంత ఇష్టం.

1611లో పుట్టాడు, 1680లో పోయాడు. సర్కారు కొలువు కోసం రాసే పెద్ద పరీక్ష గట్టెక్కలేదు, 1644లో చైనాను ఏలుతున్న మింగ్ రాజ్యమే కూలిపోయింది, ఇక కొలువు మాట మరిచిపోయి నాటకాలు, కథలు రాసి అమ్ముకుని బతికాడు. అవును, రాసి అమ్ముకుని. నాన్‌జింగ్‌లో సొంత పుస్తకాల కొట్టు, సొంత నాటక బృందం, తన పుస్తకాలను దొంగతనంగా అచ్చేసేవాళ్ళతో నిత్యం గొడవలు. ఇల్లు మరీ చిన్నదని దానికి 'ఆవగింజ తోట' అని పేరు పెట్టుకున్నాడు. పీతలంటే పడిచస్తాడు, ఏటా పీతల కాలానికి ముందే డబ్బు దాచి, ఇది నా ప్రాణం కొనుక్కునే డబ్బు అనేవాడు.

ఇక కథ. 'పన్నెండు మేడలు' అనే ఆయన సంపుటిలోది. ఓ కుర్రాడు పాత సామాన్ల కొట్లో పడమటి దేశాల దుర్భిణి కొంటాడు. ఎత్తు మీదున్న గుళ్ళో గది తీసుకుని ఊళ్ళో పెద్దిళ్ళన్నీ చూస్తుంటాడు. ఓ ఇంట్లో తామర కొలనులో దిగి అల్లరి చేస్తున్న దాసీలు, వాళ్ళను మందలిస్తున్న ఆ ఇంటి అమ్మాయి కనబడతారు. అమ్మాయి నచ్చింది. పెళ్ళిళ్ళ పేరమ్మ చేత కబురంపుతూ, ఆ రోజు కొలను దగ్గర జరిగిందంతా చెప్పిస్తాడు. నాలుగ్గోడల మధ్య సంగతి ఇతనికెలా తెలిసింది? అమ్మాయి హడలిపోతుంది. ఇంకో రోజు ఆమె పద్యం రాస్తుంటే తండ్రి రావడంతో సగంలో దాచేస్తుంది, ఇతను మిగతా సగం పూర్తి చేసి పంపిస్తాడు! ఇక ఇతను మనిషి కాదు, దేవుడే అనుకుంటుంది.

తండ్రి మాత్రం ఒప్పుకోడు. చనిపోయిన అమ్మ కలలోకి వచ్చి ఈ కుర్రాణ్ణే చేసుకోమంది అని అమ్మాయి అంటే, సరే, మీ అమ్మకి ఒక విన్నపం రాసి కాల్చేస్తాను, అందులో ఏముందో ఆవిడ నీకు చెబితే నమ్ముతాను అంటాడు. ఆయన రాసింది గుడి మీంచి దుర్భిణి చదివేసింది. కుర్రాడు అది అమ్మాయికి చేరవేశాడు, ఆమె అక్షరం పొల్లుపోకుండా తండ్రికి అప్పజెప్పింది. పెళ్ళయ్యాక అసలు సంగతి బయటపెడితే ఆమె కోప్పడదు, ఇద్దరూ దుర్భిణిని మేడలో పెట్టి పూజిస్తారు.

ఈ రోజుల్లో ఇలా చూస్తే పోలీసు కేసే, నాకూ ఆ చూడటం నచ్చదు. కానీ ఒక్క వస్తువు చుట్టూ కథంతా ఎలా తిప్పాడో చూడండి. కొలను, పద్యం, విన్నపం, మూడుసార్లూ అదే దుర్భిణి.

ఇది గాలివాటంగా వచ్చింది కాదు. 1671లో అచ్చయిన తన వ్యాసాల పుస్తకంలో ఆయనే చెప్పాడు, నాటకానికి ఒక్క మనిషి, ఒక్క సంఘటన ఆయువుపట్టుగా ఉండాలని. చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ, పిల్లలూ కలిసి చూసేది కాబట్టి మాట తేలిగ్గా ఉండాలని. అదే పుస్తకంలో ఇంకో మాట ఉంది: రాస్తున్నప్పుడు తన చేతిలో కలం ఉన్నా, నోరు మాత్రం రంగస్థలం మీదే ఉండేదట.

మీలో ఎవరైనా స్కూల్ వార్షికోత్సవానికి నాటిక రాస్తుంటే ఇదొక్కటి చేసి చూడండి. డైలాగు రాయగానే లేచి నిలబడి, ఆ పాత్ర గొంతుతో పైకి అనండి, ఎక్కడ నోరు తిరగక ఆగిపోతారో అక్కడ కొట్టేసి మళ్ళీ రాయండి.