నూటికి నూరు సరే, ఎంతమందిలో?

అందరికీ నమస్కారం.

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు మన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల గేటు దగ్గర ఫ్లెక్సీ కడతాం: 'నూటికి నూరు శాతం ఉత్తీర్ణత'. పిల్లలు కష్టపడ్డారు, సీఆర్టీలు, అంటే కాంట్రాక్టు టీచర్లు, రాత్రి స్టడీ అవర్ల దాకా కూర్చున్నారు. కట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఆ నూరు ఎంతమందిలో అన్నదే నా పేచీ.

ఒక లెక్క వేద్దాం. ఆరో తరగతిలో 40 మంది చేరారనుకోండి. పదిలో నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితా, పంపేనాటికి 28 మంది మిగిలారు. అందరూ పాసయ్యారు. పేపర్లో నూరు శాతం. అడ్మిషన్ రిజిస్టరు ముందు పెట్టుకుంటే 70. అదీ న్యాయమైన లెక్క కాదు లెండి, ఎందుకంటే వెళ్లిపోయినవాళ్లలో ఓ ఐదుగురు టీసీ తీసుకుని ఇంకో బడిలో చేరి ఉంటారు. వాళ్లను తీసేస్తే 35కి 28, అంటే 80. మరి ఆ ఏడుగురు ఎక్కడ?

అమెరికాలో హైస్కూళ్లకు 2008లో ఓ నిబంధన పెట్టారు. తొమ్మిదిలో చేరిన బ్యాచ్ మొత్తం లెక్కలో ఉండాలి, వేరే బడికో వేరే దేశానికో వెళ్లినట్టు, లేదా చనిపోయినట్టు రాతపూర్వక ఆధారం ఉంటేనే పేరు తీయాలి. మనకూ బడుల వివరాలు నమోదు చేసే యూడైస్ పోర్టల్‌లో డ్రాప్‌బాక్స్ ఉంది. టీసీ ఇచ్చాక ఏ బడీ చేర్చుకోని పిల్ల పేరు అందులోనే ఉండిపోతుంది. మనమేమో దాన్ని ఎప్పుడు క్లియర్ చేస్తామా అని చూస్తాం.

అసలు ఈ బడులు 2004లో ఎవరి కోసం పెట్టారు? బడి ముఖం చూడని, మధ్యలో మానేసిన ఆడపిల్లల కోసం. 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకి, మిగతావి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఇళ్లవాళ్లకి. సీట్లు నిండకపోతే పైనుంచి ఫోన్లు. ఆ టెన్షన్‌లో పక్క ఊరి హైస్కూల్లో శుభ్రంగా చదువుకుంటున్న పిల్లను తెచ్చి సీటు నింపేస్తారు. ఎన్‌రోల్‌మెంట్ పెరుగుతుంది, రిజల్టూ బాగుంటుంది. సీడు పత్తి చేలో క్రాసింగ్‌కి, అంటే విత్తనం కోసం పూలకు పుప్పొడి అద్దే పనికి, పోతున్న పిల్ల మాత్రం ఆ చేలోనే ఉంటుంది.

కర్నూలు జిల్లా ఆదోని, ఆలూరు వైపు టీచర్లకు నేను చెప్పేదేముంది? దీపావళి దాటితే ఊళ్లకు ఊళ్లు పత్తికి, మిరపకు గుంటూరు వైపు కదులుతాయి. తమ్ముణ్ణి చూసుకోవడానికి అక్క కూడా పోవాలి. అలాంటి పిల్ల పన్నెండేళ్లకు మన దగ్గరికి వస్తే, విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెడతాం. చేతిలో ఆరో తరగతి వాచకం. చదవమంటే గుణింతం దగ్గరే వేలు ఆగిపోతుంది. పక్కవాళ్లు నవ్వుతారని నోరు విప్పదు. అదే పిల్ల ఎనిమిదికొచ్చేసరికి మెనూ బోర్డు చదివి, 'మేడమ్, ఇవాళ గుడ్డు అని రాశారు, పెట్టలేదే' అని నిలదీస్తుంది. నన్నడిగితే ఆమె అప్పుడే ఒకసారి పాసయినట్టు. ఏ ప్రొఫార్మాలోనూ దానికి గడి లేదు.

పదిలో లెక్కల్లో 35 రాకపోతే ఆమె ఫెయిలే. 30 మంది రాసే బడిలో ఒక్క పిల్ల తప్పినా మూడు శాతం పైగా పడిపోతుంది. అందుకే నామినల్ రోల్స్‌కు ముందు కొన్నిచోట్ల గుసగుసలు మొదలవుతాయి, 'ఆ అమ్మాయి చేత ఈ ఏడు రాయించకపోతే ఏం?' అని.

నేనడిగేది ఒక్కటే. జూన్‌లో బడి తెరవగానే ఐదేళ్ల కిందటి ఆరో తరగతి అడ్మిషన్ల పేజీ తీయండి. 'లాంగ్ ఆబ్సెంట్' అని వదిలేసిన ప్రతి పేరు పక్కనా ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో రాయండి. పెళ్లయితే పెళ్లయిందని, పనికి పోతుంటే ఏ పనికో. పద్నాలుగేళ్లు నిండితే ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చు, పెళ్లయిన పిల్ల కూడా రాయొచ్చు. ఫారం మనమే ఇంటికి పట్టుకెళ్లాలి, వాళ్లంతట వాళ్లు రారు. రివ్యూ మీటింగుకి పాస్ పర్సంటేజీతో పాటు ఆ పేజీ జిరాక్సు కూడా తీసుకెళ్లండి. ఎంఈవో (మండల విద్యాధికారి) గారు అడగకపోయినా బల్ల మీద పెట్టండి.