ఫార్మాట్ కొట్టే ముందు

అమ్మలకు, అయ్యలకు, పిల్లలకు నమస్కారం. ఇంత ఎండలో వచ్చి కూర్చున్నందుకు సంతోషం.

మన కడపలో ఎవరింట్లో కంప్యూటర్ ఆగిపోయినా ముందు వినబడే మాట ఒకటే. "అన్నా, నిన్న రాత్రి బాగనే ఉన్నింది, పొద్దున ఆన్ కావడంల్యా. ఫార్మాట్ కొట్టేస్తావా?" ఏం చెడిందో చూడకముందే, డిస్క్ తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించే ఆ ఫార్మాట్ మాట వచ్చేస్తుంది. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ మాట గురించే.

కొన్నేళ్ల కింద మా ఇంటి కంప్యూటర్ ఒక పొద్దున లోగో దగ్గర ఆగిపోయింది. దుకాణానికి తీసుకుపోయినాను. అక్కడి అబ్బాయి రెండు నిమిషాలు చూసి, విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాల అన్నాడు. సరే అన్నాను. సాయంత్రానికి కంప్యూటర్ కొత్తదానిలా ఆన్ అయింది. దాంట్లో మా నాన్న గొంతు మాత్రం లేదు. ఆయన పోవడానికి ముందు ఏడాది దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడించి రికార్డు చేశాను. ఏ చేను ఎవరి దగ్గర కొన్నారు, ఏ గట్టు ఎవరిది, మా అవ్వ దంచుతూ ఏం పాడేది, అన్నీ చెప్పాడు. డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాను. డెస్క్‌టాప్ మీద కనిపించేదంతా నిజానికి సీ డ్రైవ్‌లోనే ఉంటుందని, సీ డ్రైవ్ తుడిస్తే అదీ పోతుందని నాకు తెలియదు. నెల తిరక్కుండానే కంప్యూటర్ మళ్లీ అదే చోట ఆగింది. ఈసారి విప్పి చూస్తే హార్డ్‌డిస్క్‌కు పోయే కేబుల్ వదులుగా ఉంది. విండోస్‌లో ఏ తప్పూ లేదు. ఆ తర్వాతే నేను ఈ పని నేర్చుకున్నాను.

కంప్యూటర్ ఆగిందంటే అడగాల్సిన ప్రశ్న "ఎక్కడ ఆగింది?" అని. కడపలో ఎక్కిన మనిషి గుంతకల్లు చేరలేదనుకోండి, ఎర్రగుంట్ల దాటాడా, తాడిపత్రి దాటాడా అని అడుగుతాం కదా. కంప్యూటర్ కూడా స్విచ్ నొక్కినప్పటి నుంచి మన పేరు తెర మీద కనపడేదాకా కొన్ని మజిలీలు దాటుకుంటూ వస్తుంది. ముందు కరెంటు. తర్వాత బోర్డు తన భాగాలను తానే పరీక్షించుకోవడం. ఆ తర్వాత బయోస్, అంటే ఇప్పటి యంత్రాల్లో యూఈఎఫ్ఐ, ఏ డిస్క్ నుంచి మొదలుపెట్టాలో వెతకడం. ఆ డిస్క్‌లో ఒక మూల ఉన్న బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ లేచి విండోస్‌ను పిలవడం. చివరికి విండోస్ తన డ్రైవర్లను, అంటే ఒక్కో భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములను, ఒక్కొక్కటిగా నింపుకోవడం. బండి ఏ స్టేషన్‌లో ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే. కరెంటు మజిలీలో ఆగినదానికి విండోస్ మళ్లీ ఎక్కించి ప్రయోజనం ఏముంది?

లైటే వెలగకపోతే ప్లగ్గు, యూపీఎస్, లోపలి భాగాలకు కరెంటు పంచే ఎస్ఎంపీఎస్ డబ్బా చూడాలి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసేసి, పవర్ బటన్ ముప్పై సెకన్లు గట్టిగా నొక్కి పట్టి, మళ్లీ ఛార్జర్ పెట్టి చూడండి. బోర్డులో నిలిచిపోయిన కరెంటు దిగిపోయి చాలా యంత్రాలు లేచి కూర్చుంటాయి.

ఫ్యాన్ తిరుగుతోంది, తెర మీద మాత్రం ఏమీ లేదు. మన దగ్గర ఇది చాలా మామూలు. వేసవి గాలికి దుమ్ము లోపలికి చేరి ర్యామ్ కాళ్లకు పట్టుకుంటుంది. కరెంటు తీసేసి, చేత్తో ఏదైనా ఇనుప భాగాన్ని ఒకసారి తాకి, ర్యామ్ ఊడదీసి, దాని బంగారు రంగు అంచును పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, టక్కుమని శబ్దం వచ్చేదాకా మళ్లీ నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోటి పెట్టి చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టారో, పొరపాటున బోర్డుకు పెట్టారో కూడా చూసుకోవాలి.

ఇప్పుడు అందరినీ ఎక్కువ టెన్షన్ పెట్టే చోటికి వద్దాం. కంపెనీ లోగో వచ్చింది. ఆ వెంటనే నల్లటి తెర మీద "నో బూటబుల్ డివైస్" అని ఒక్క వాక్యం. దాన్ని చూడగానే డిస్క్ పోయిందనో, విండోస్ పోయిందనో అనుకుంటారు. ఆ వాక్యానికి అర్థం ఒక్కటే: ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో నాకు దొరకలేదు. ముందు పెన్‌డ్రైవ్‌లన్నీ పీకేసి రీస్టార్ట్ చేయండి. అప్పుడూ అదే వస్తే, ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ కొడుతూ బయోస్‌లోకి పోండి. హెచ్‌పీలో అయితే ఎఫ్10. అక్కడ మీ డిస్క్ పేరు కనిపిస్తోందా? కనిపించకపోతే కేబుల్, లేదంటే డిస్క్. కనిపిస్తే ఊపిరి పీల్చుకోండి, డిస్క్ బతికే ఉంది.

ఆ తెర మీదే తేదీ చూడండి. ఎప్పటిదో పాత ఏడాది ఉంటే దొంగ దొరికినట్టే. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032 అంటారు, మూడు వోల్టులది. అది అయిపోతే, ప్లగ్గు తీసిన ప్రతిసారీ బయోస్ తన సెట్టింగులు మర్చిపోతుంది. ఏ డిస్క్ నుంచి ముందు మొదలుపెట్టాలన్న బూట్ వరుస మారిపోతుంది, యూఈఎఫ్ఐలో ఉన్నది లెగసీ అనే పాత పద్ధతికి పోతుంది, డిస్క్ కళ్లెదుటే ఉన్నా దాన్ని చదివే పద్ధతి మారిపోతుంది. ఒక డీటీపీ అక్క ఏడాదిలో రెండుసార్లు ఫార్మాట్ కొట్టించింది. రెండుసార్లూ కొన్నాళ్లు పనిచేసి, రాత్రంతా కరెంటు పోయిన మరుసటి పొద్దున మళ్లీ ఆగింది. నేను మార్చింది ఆ బిళ్ల ఒక్కటే, ధర వంద రూపాయల లోపు. ఆ రెండు ఫార్మాట్లలో ఆమె పోగొట్టుకున్నవి ఆరేళ్లుగా తయారు చేసుకున్న పెళ్లిపత్రికల డిజైన్లు. చెబుతుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

విండోస్ గుర్తు వచ్చి చుక్కలు తిరుగుతూ అక్కడే ఉండిపోయినా, నీలం తెర వచ్చినా, బండి దాదాపు ఊరు చేరి గేటు దగ్గర ఆగినట్టు. 2024 జూలై 19న ప్రపంచమంతా విమానాశ్రయాల్లో, బ్యాంకుల్లో నీలం తెరలు కనిపించాయి, గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. వాటిని బాగు చేయడానికి చెప్పిన మార్గం ఏమిటి? సేఫ్ మోడ్‌లోకి, అంటే తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే పద్ధతిలోకి పోయి ఒక ఫైల్ తీసేయడం. అంతే. నీలం తెర ఎంత భయపెట్టినా, వెనక మన ఫైళ్లు చాలావరకు ఉన్నచోటే ఉంటాయి.

మన ఇంట్లోనూ అదే దారి. వరుసగా రెండు మూడు సార్లు మొదలవలేకపోతే విండోస్ తానే రిపేర్ తెర చూపిస్తుంది. రాకపోతే, గుర్తు కనపడగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం రెండు మూడు సార్లు చేయండి. అందులో ట్రబుల్‌షూట్, ఆపై అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. నేనైతే ముందు స్టార్టప్ రిపేర్, అది కాకపోతే నిన్నో మొన్నో పడిన అప్‌డేట్ తీసేయడం, తర్వాత విండోస్‌ను పాత తేదీ నాటి స్థితికి తిప్పే సిస్టమ్ రీస్టోర్, ఆ తర్వాతే సేఫ్ మోడ్‌లోకి పోయి కొత్తగా వేసిన డ్రైవర్ తీయడం, ఈ వరుసలో పోతాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. డిస్క్ టక టక మంటుంటే, లేదా ఒక్కో ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతుంటే, విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్ అనే డిస్క్ పరీక్ష నడపొద్దు. పూర్తి పరీక్ష పెడితే అది డిస్క్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదివిస్తుంది. ఆఖరి ఊపిరి మీద ఉన్న డిస్క్ ఆ శ్రమకు తట్టుకోదు. ముందు నకలు తీయాలి.

నకలు అంటే ఈ ఊళ్లో ఒక మనిషి గుర్తుకు రావాలి. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్, తెలుగు తాళపత్రాలు పాడైపోతున్న కాలంలో, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని ప్రతులు రాయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది, మీలో చాలామంది అక్కడ చదువుకున్నవాళ్లే. అప్పుడు ఒక ప్రతి చేత్తో రాయడానికి చాలా రోజులు పట్టేది. మనకు ఒక పూట చాలు.

విండోస్ లేవకపోయినా నకలు తీయొచ్చు. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్ అనేది ఒకటుంది. వేరే కంప్యూటర్‌లో దాని రకాలైన ఉబుంటు గానీ లినక్స్ మింట్ గానీ ఉచితంగా దించుకుని, రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించండి. అలా ఎక్కిస్తే ఆ పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవి తుడిచిపెట్టుకుపోతాయి, ఖాళీది తీసుకోండి. ఆగిపోయిన కంప్యూటర్‌కు దాన్ని పెట్టి ఆన్ చేస్తూ బూట్ మెనూ తెరవండి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఇన్‌స్టాల్ వద్దు, ట్రై అన్నది ఎంచుకోండి. లినక్స్ పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది, మీ డిస్క్‌ను ముట్టుకోదు. ఫైల్స్ తెరిస్తే మీ సీ డ్రైవ్ కనపడుతుంది. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు, అందులో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్. ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి కాపీ చేసుకోండి. విండోస్ సరిగా షట్‌డౌన్ కాలేదు, చదవడానికి మాత్రమే తెరుస్తాను అని లినక్స్ అన్నా భయం లేదు. మనకు కావాల్సింది చదవడమే.

ఈ దారికి అడ్డుపడేది బిట్‌లాకర్ అనే విండోస్ తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మనం అడగకపోయినా డిస్క్‌కు తాళం పడి ఉంటుంది. బయోస్‌లో ఏదైనా మార్చినా, బోర్డు మార్చినా 48 అంకెల తాళంచెవి అడగొచ్చు. అది లేకపోతే నేనే కాదు, ఎవరూ తెరవలేరు. మామూలుగా అది మీరు మొదట లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతాను దుకాణంలో అబ్బాయి తన మెయిల్‌తో తెరిచి ఇచ్చి ఉంటే, తాళంచెవి అతని దగ్గరే ఉందన్నమాట. దయచేసి ఇది ఇంటికి పోగానే చూసుకోండి.

నకలు చేతికి వచ్చాక ఇక ధైర్యంగా విండోస్ మళ్లీ ఎక్కించొచ్చు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉన్న మీడియా క్రియేషన్ టూల్‌తోనే పెన్‌డ్రైవ్ చేసుకోండి. మీ యంత్రంతో అసలు విండోస్ వచ్చి ఉంటే దాని లైసెన్స్ బోర్డును గుర్తుపట్టి తానే యాక్టివేట్ అవుతుంది, ఎవరో ఇచ్చిన క్రాక్‌తో పని లేదు. ఎక్కిస్తున్నంత సేపూ కరెంటు పోకుండా యూపీఎస్ మీద గానీ, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు గానీ చేయండి.

ఇన్‌స్టాల్ మధ్యలో "ఈ డిస్క్‌లో ఎంబీఆర్ పట్టిక ఉంది, జీపీటీ కావాలి" అని ఆగిపోవడం ఎక్కువగా చూస్తాం. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పట్టిక అది. ఎంబీఆర్ 1983 నాటి పద్ధతి, రెండు టెరాబైట్లు దాటి లెక్కపెట్టలేదు. యూఈఎఫ్ఐకి జీపీటీ కావాలి. నెట్‌లో వెతికితే డిస్క్‌పార్ట్ అనే విండోస్ పరికరం తెరిచి క్లీన్ అని కొట్టమంటారు. ఆ ఒక్క మాటతో సీ మాత్రమే కాదు, డీ, ఈ కూడా పోతాయి. విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే పరికరం ఉంది, డేటా పోకుండా పట్టిక మారుస్తుంది. ముందు అది ప్రయత్నించండి.

ఇన్‌స్టాల్ తెరలో డిస్క్ అసలే కనపడకపోతే, ఇంటెల్ పదకొండో తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే సెట్టింగ్ కారణం కావచ్చు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, లోడ్ డ్రైవర్ నొక్కితే డిస్క్ బయటికి వస్తుంది. రీస్టార్ట్ అయ్యాక మళ్లీ మొదటికే వస్తోందంటే పెన్‌డ్రైవ్ పీకడం మర్చిపోయారు, అంతే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు అయిపోయింది కాబట్టి చాలామంది 11 అడుగుతున్నారు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. లేదని చూపిస్తే కొత్తది కొనేయకండి. బయోస్‌లో ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అన్నది ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతదైతే మాత్రం, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు. దాన్ని పాత సామాన్లవాడికి వేయొద్దు. లినక్స్ మింట్ వేయండి. మా ఇంట్లో అలాంటి పాత యంత్రం మీదే మా పాప తెలుగులో టైపు చేస్తుంది, పాఠాలు వింటుంది.

అక్కడ చివరి బల్ల మీద ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌లు నాలుగు ఉన్నాయి, ఖాళీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి ఉంది. ఆగిపోయిన ల్యాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లు అటు రండి, ముందు ఫైళ్లు బయటికి తీద్దాం. మిగతావాళ్లు ఫోన్లు తీసి మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి లాగిన్ అవ్వండి. ఆ 48 అంకెలు ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకుని కాగితం మీద రాసుకుందాం. పెన్నులు కావాలంటే నా దగ్గర ఉన్నాయి.