ఓపీ చీటీ మీద పేరు

(శ్రీకాకుళంలో ఆశా కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ఆశా అక్కచెల్లెళ్లకు, నర్సింగ్ చదువుతున్న పిల్లలకు నమస్కారం.

నేను చాలా ఏళ్లు ఒక ఆస్పత్రిలో హెచ్‌ఐవీ పరీక్షల కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేశాను. మా గది ఓపీ కౌంటర్‌కు ఎదురుగా ఉండేది. ఒకరోజు పొద్దున్నే ఒకామె వచ్చి, చీటీ రాయించుకుని బల్ల మీద కూర్చుంది. చీర కట్టుకుంది, తలలో పూలు పెట్టుకుంది. నొప్పికి కాబోలు, నడుం వంచుకుని కూర్చుంది. కాసేపటికి ఆధార్ కార్డులో ఉన్న పేరు గట్టిగా పిలిచారు. మగ పేరు. ఆమె లేవలేదు. మళ్లీ పిలిచారు. మూడోసారి పిలిచేసరికి పక్కనున్నవాళ్లు ఆమె వైపు చూసి నవ్వడం మొదలుపెట్టారు. లేచి, చీటీ అక్కడే వదిలేసి గేటు దాటి వెళ్లిపోయింది.

పన్నెండు రోజుల తర్వాత ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. మూత్రం ఆగిపోయింది, ఒళ్లు కాలిపోతోంది. విశాఖ పంపాల్సి వచ్చింది. బతికింది. ఆ తర్వాత ఎప్పుడో మా గదికి వస్తే, ఆ రోజు ఎందుకు వెళ్లిపోయావమ్మా అని అడిగాను. "ఆ పేరెట్టి పిలిస్తే అంతమందిలో నానెలాగ లెగుస్తాను మేడమ్?" అంది.

ఆమెకు మూత్రనాళం సన్నబడిపోయింది. దాన్ని సరిచేసే డాక్టర్లు ఉన్నారు. కానీ డాక్టరు దాకా చేరకముందే, చీటీ కౌంటర్‌కీ ఆ బల్లకీ మధ్యలోనే, మగపిల్లాడని రాయించినా ఆడమనిషిగా బతికే ఇలాంటి ట్రాన్స్‌జెండర్లలో చాలామందికి వైద్యం ఆగిపోతోంది. ఆ మధ్యలో ఉండేది మీరే. అందుకే ఈ మాటలు డాక్టర్లకంటే ముందు మీకు చెప్పాలనుకున్నాను.

ఆమెకు ఆ జబ్బు ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. హిజ్రాల్లో 'నిర్వాణం' అని మగ అవయవాలు తీసేసే ఆపరేషన్ ఉంది. ఆస్పత్రి బయట, సరైన మత్తుమందు లేకుండా, కుట్లు సరిగ్గా పడకుండా జరిగితే మూత్రదారి మూసుకుపోతుంది. హార్మోన్ల సంగతీ అంతే. ఛాతీ పెరగాలని మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని, రోజుకు నాలుగైదు మింగేవాళ్లను నేను చూశాను. అలా మింగితే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. వాళ్లను తిట్టకండి. అడగడానికి ఒక డాక్టరు ఉంటే వాళ్లు షాపువాడిని అడగరు.

చట్టం లేదా అంటే ఉంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించి, ఆస్పత్రుల్లో వాళ్లకు వైద్యం అందేలా చూడమని ప్రభుత్వాలను ఆదేశించింది. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం 15వ సెక్షన్‌లో హార్మోన్ చికిత్స, ఆపరేషన్, ముందూ వెనకా కౌన్సెలింగ్ అన్నీ ప్రభుత్వ బాధ్యతగానే రాశారు. 2022లో ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం ఇస్తామని కేంద్రం ఒప్పందం కూడా చేసుకుంది. అయినా ఇవాళ్టికీ మన దగ్గర ఒక మనిషికి ఇలాంటి అవసరం వస్తే, ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్లి విశాఖ బస్సెక్కమనే చెబుతున్నాం.

దూరం మనిషిని ఎలా చంపుతుందో ఈ జిల్లాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఉద్దానం నుంచి డయాలసిస్ కోసం విశాఖ తిరిగి తిరిగి, చార్జీలకు డబ్బుల్లేక మధ్యలో మానేసిన ఇళ్లు మీలో చాలామందికి తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి వచ్చే దాకా ఎన్నేళ్లు మొత్తుకున్నాం! కిడ్నీ రోగి కోసం ఊరంతా రోడ్డెక్కింది. వీళ్లకోసం మాట్లాడేందుకు సొంత ఇంటివాళ్లు కూడా ముందుకు రారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

ఇప్పటిదాకా కంటికి కనిపించేవాళ్ల గురించి చెప్పాను. కనిపించనివాళ్లు ఇంకా ఎక్కువ. 'తేడా' అని ఊళ్లో ఒక్క మాటతో కొట్టిపారేస్తాం కదా, మగవాళ్లను ఇష్టపడినా ఆ మాట పడుతుందని భయపడి పెళ్లి చేసుకున్న మగవాళ్లు, పిల్లలున్న తండ్రులు. ఒకబ్బాయి పనికోసం వలస వెళ్లి పండక్కి ఇంటికొచ్చాడు. మలద్వారం దగ్గర పుండు. ఎలా వచ్చిందో చెప్పలేక పైల్స్ అన్నాడు. ఆర్ఎంపీ రెండు నెలలు పైల్స్ మందే రాశాడు. మా దగ్గరికొచ్చి రక్తపరీక్ష చేయించుకుంటే సిఫిలిస్. తొలిదశలో ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో తగ్గే జబ్బు. రెండు నెలలు మోశాడు, భార్యకూ పరీక్ష చేయాల్సి వచ్చింది.

అతణ్ణి నేను మొదట అడిగింది "పెళ్లయిందా?" అని. అయిందన్నాడు. అంతే, ఇక నోరు విప్పలేదు. తప్పు నాది. వాక్యం మార్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. "మీరు కలిసేది ఆడవాళ్లనా, మగవాళ్లనా, ఇద్దరినీనా?" అని వచ్చిన ప్రతి మనిషినీ ఒకే గొంతుతో అడగడం అలవాటు చేసుకున్నాను. అందరినీ అడిగితే ఎవరికీ వేలెత్తి చూపినట్టుండదు. మొదటి వారం నాకే మాట తడబడింది. తర్వాత బీపీ చూసినంత మామూలైపోయింది.

ఆడవాళ్లను ఇష్టపడే ఆడవాళ్ల గురించి అసలు ఎవరూ అడగరు. పెళ్లి కాలేదు కదా, గర్భాశయ ముఖద్వార పరీక్ష నీకెందుకని పంపించేస్తాం. ఆ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఆడవాళ్ల మధ్య కూడా సోకుతుంది. చొక్కా ప్యాంటు వేసుకుని గడ్డంతో వచ్చే ట్రాన్స్ మగవాళ్లకూ, అంటే ఆడపిల్లగా పుట్టారని రాయించినా మగవాడిగా బతికేవాళ్లకూ, గర్భాశయం ఉండొచ్చు. గైనిక్ ఓపీ బయట ఆ మనిషి కూర్చుంటే భార్య కోసం వచ్చాడనుకోకండి.

ఇక మనసు సంగతి. కొడుకు మగవాడిని ప్రేమించాడని తెలిస్తే ముందు మంత్రగాడి దగ్గరికి, తర్వాత మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. "మందిచ్చి మార్చండి" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది 1990లో. 377 సెక్షన్ కింద అది నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబరు 6న. మార్చే చికిత్స పేరుతో ఏదైనా చేస్తే వృత్తిపరమైన తప్పిదమేనని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. తల్లిదండ్రులు మీ దగ్గరికి ఏడుస్తూ వస్తే ఇది మెల్లగా చెప్పండి. వాళ్ల భయం అబద్ధం కాదు. పిల్లాడు ఇల్లు వదిలి వెళ్తే, లేదా పురుగుమందు తాగితే ఏమవుతుందో కూడా వాళ్లకు చెప్పండి.

ఆశా అక్కలకు ఒక్క మాట కఠినంగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. మీరు ఆ ఊరి కోడళ్లు, ఆ వీధి ఆడపడుచులు. అదే మీ బలం. ఆ బలమే చాలామందికి భయం. "మన ఆశాకి తెలిస్తే ఊరందరికీ తెలిసినట్టే" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ భయంతోనే పక్క ఊరి సెంటర్‌లో దొంగ పేరుతో పరీక్ష చేయించుకుంటారు, ఫలితం తీసుకోవడానికి రారు. ఒకరి హెచ్‌ఐవీ సంగతి అనుమతి లేకుండా బయట చెప్పకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. చట్టం పక్కన పెట్టండి. తోడికోడలికి కూడా చెప్పకుండా ఉండగలమా? ఉండగలిగితే మందులు ఆపకుండా వాడతారు. వైరస్ రక్తపరీక్షకు దొరకనంత తగ్గాక లైంగికంగా ఇంకొకరికి సోకదు.

చివరగా సంతకం సంగతి. ఒక రాత్రి గర్భాశయం ఆపరేషన్ కోసం ఒకావిడను చేర్చారు. తోడుగా వచ్చినామెను "మీరేమవుతారు?" అని అడిగితే ఒక్క క్షణం ఆగి "చెల్లెలిని" అంది. పద్నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారని తర్వాత తెలిసింది. పొద్దున సొంత అన్నయ్య వచ్చి సంతకం పెట్టేదాకా ఆపరేషన్ ఆపారు. ఆ అన్నయ్య వాళ్ల గుమ్మం తొక్కి ఏళ్లయింది. నిజానికి స్పృహలో ఉన్న మేజర్ రోగి సంతకం చాలు, తన బదులు ఇంకొకరి సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ఆ రాత్రి అది మాలో ఎవరికీ తెలియదు.

మీకు ఇప్పుడు తెలుసు. రేపు డ్యూటీలో రిజిస్టర్ తెరిచినప్పుడు రోగి పేరు, తోడు వచ్చినవారి సంబంధం, ఈ రెండు గడులూ కార్డు చూసి నింపే ముందు వాళ్లను అడగండి. ఏ పేరుతో పిలవమంటారు? ఆపరేషన్ గది బయట ఎవరు ఉండాలనుకుంటున్నారు?