అడ్మిషన్ రిజిస్టరు దగ్గర మొదలుపెడదాం

(విశాఖపట్నంలో పాఠశాలల పూర్వ విద్యార్థుల సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, ప్రధానోపాధ్యాయులకు, వేర్వేరు బ్యాచ్‌ల నుంచి వచ్చిన మిత్రులకు నమస్కారం.

పూర్వ విద్యార్థుల సంఘం అనగానే ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, గ్రూపు ఫొటో గుర్తొస్తాయి. అవి ఉండాల్సిందే. నలభై ఏళ్ల తర్వాత కలిసినవాళ్లు ఆ మాత్రం సంబరపడకపోతే ఎలా? కానీ బడికి నాలుగు రూపాయలు రావాలన్నా, పిల్లలు నాలుగు ఊళ్లు చూడాలన్నా పని మొదలయ్యేది హెడ్మాస్టరు గారి గదిలో, ఇనప బీరువా ముందు. అందులోని అడ్మిషన్ రిజిస్టరులో పేరు ఎలా రాసి ఉందన్నదే ఈ రోజు నేను చెప్పబోయేది.

మన ఊళ్లో బళ్లు పాతవి. సి.వి.రామన్ చదువుకున్న సెయింట్ అలోషియస్ 1847 నాటిది. బడి ఎంత పాతదైతే కాగితం అంత నాసి. పైగా మనది ఉప్పుగాలి ఊరు. అడుగు అరలో పడేసిన రిజిస్టరుకు చెమ్మా తప్పదు, చెదా తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టిన దెబ్బ గుర్తున్నవాళ్లకు కాగితం ఎంత తేలిగ్గా పోతుందో చెప్పక్కర్లేదు.

అందుకని ముందు హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని, రిజిస్టరు బడి గడప దాటకుండా, పగటి వెలుగులో ఫ్లాష్ లేకుండా పేజీ పేజీ ఫొటో తీయండి. తర్వాత ఎక్కించాల్సింది ఆరు గడులు: అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తరగతి, టి.సి. ఇచ్చిన తేదీ. ఒక బ్యాచ్‌లో ముగ్గురు లక్ష్ములు ఉంటారు. తండ్రి పేరు లేకపోతే ఎవరు ఎవరో తేలదు. ఆడపిల్లలకు పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఉంటుంది కాబట్టి మీ ఫారంలో ‘బడిలో ఉన్నప్పటి ఇంటిపేరు’ అని వేరే గడి పెట్టండి. ఇది లేకనే సగం సంఘాల జాబితాలో ఆడవాళ్లు కనిపించరు. ఏడో తరగతిలో టి.సి. తీసుకుని వెళ్లిపోయినవాళ్లు కూడా మన బడి పిల్లలే. పదో తరగతి పాసైన వాళ్లనే లెక్కేస్తే మధ్యలో చదువు ఆగిపోయినవాళ్లని మనం రెండోసారి బడి బయటకు నెట్టినట్టే.

ఇక డబ్బు. ఏడుగురు కలిస్తే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవచ్చు. సంఘం పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు ఉండాలి. ఇవి రాకముందే ‘ప్రస్తుతానికి నా ఫోన్‌పే నంబరుకి కొట్టండి’ అన్నారా, గొడవకు పునాది పడ్డట్టే. ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా, ఇంటి ఖర్చూ బడి చందా ఒకే ఖాతాలో కలిశాక లెక్క విడదీయడం ఎవరి తరమూ కాదు.

యూపీఐలో వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. బ్యాంకు స్టేట్‌మెంటులో పన్నెండంకెల నంబరు కనిపిస్తుంది గానీ పంపింది మన సాయో, పక్క బ్యాచ్ సాయో తెలియదు. దీనికో చిన్న ఉపాయం ఉంది. 1987 బ్యాచ్‌వాళ్లు ఐదు వేలు ఇవ్వాలనుకుంటే 5,087 పంపమనండి, 1994 వాళ్లు 5,094 పంపుతారు. చివరి రెండంకెలు చూసి ఏ బ్యాచ్ డబ్బో నిమిషంలో చెప్పొచ్చు. రసీదు మాత్రం పాన్ కార్డులో ఉన్న పేరుతోనే రాయండి. విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు కోరే దాత నగదుగా రెండు వేలకు మించి ఇస్తే ఆ మొత్తానికి మినహాయింపు దొరకదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఎలా ఇచ్చినా దొరకదు. ఈ మాట ముందే చెప్పాలి, మార్చి నెలాఖరులో కాదు.

అన్నింటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది విదేశాల్లో ఉన్న మనవాళ్లు పంపే డబ్బు దగ్గర. ఇక్కడ చూడాల్సింది ఆ మనిషి ఏ దేశంలో ఉన్నాడని కాదు, ఏ దేశపు పాస్‌పోర్టు ఉందని. డల్లాస్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్నా, గ్రీన్ కార్డు ఉన్నా, చేతిలో భారత పాస్‌పోర్టే ఉంటే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అదే క్లాసులో పక్క బెంచీవాడు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అతనిచ్చే ప్రతి రూపాయీ విదేశీ విరాళమే. విదేశీ విరాళాలను అదుపు చేసే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకుండా ముట్టుకోకూడదు. రిజిస్ట్రేషన్ కావాలంటే సంఘానికి మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే తెరవాలి. ‘మా తమ్ముడి ఖాతాకు వేస్తాను, వాడు మీకిస్తాడు’ అంటారు ప్రేమతో. చేతులు మారినంత మాత్రాన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మారదు. ల్యాప్‌టాప్‌లు పంపినా అదే చట్టం. అలాంటివాళ్లని దూరం పెట్టమని కాదు. ఆదివారం పూట తొమ్మిదో తరగతికి ఆన్‌లైన్లో లెక్కలు చెప్పమనండి. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు, పిల్లలకు అంతకంటే కావాల్సిందీ లేదు. జాబితాలో ‘ఏ దేశ పౌరుడు’ అనే గడి ఒకటి చేరిస్తే ఈ చిక్కంతా ముందే తెలుస్తుంది.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులు అడగాలన్నా పన్ను శాఖ దగ్గర రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల లెక్కలు కావాలి కాబట్టి ఆ సంగతి సంఘం నిలదొక్కుకున్నాక చూద్దాం. వచ్చిన వస్తువు ఏదైనా పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానంలోకి, స్టాకు రిజిస్టరులోకి ఎక్కాలి. లక్ష రూపాయల సామాను కొంటే మరో పదిహేను వేలు మరమ్మతులకు పక్కన పెట్టండి. తీరంలో ఉన్న బడికి ఇనప బల్లలు ఇస్తే తుప్పు ఊరుకోదు.

ఇప్పుడు పిల్లల ప్రయాణాలు. రాష్ట్రాలను జతలుగా కలిపే కేంద్ర కార్యక్రమం ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’లో మన రాష్ట్రానికి జత పంజాబ్. ఇక్కడి నుంచి అమృత్‌సర్‌కు నేరుగా హీరాకుడ్ ఎక్స్‌ప్రెస్ ఉంది, రెండు రాత్రుల ప్రయాణం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఒక ఫారంపై ఆరుగురికి మించి రాయకూడదు కనుక నలభై మందిని తీసుకెళ్లాలంటే బడి లెటర్‌హెడ్ మీద రిజర్వేషన్ అధికారికి ముందే అర్జీ పెట్టుకోవాలి. విద్యార్థి రాయితీకి హెడ్మాస్టరు సంతకంతో ధ్రువపత్రం కావాలి. డిసెంబరు, జనవరిల్లో ఉత్తరాదిన పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆగిపోతాయి. మన పిల్లల్లో చాలామందికి స్వెట్టరే ఉండదు. ఫిబ్రవరి రెండోవారం మేలు. పదో తరగతివాళ్లు పరీక్షల్లో ఉంటారు కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్లని ఎంచుకోండి.

విదేశీ బడితో మార్పిడి కుదిరితే మళ్లీ రిజిస్టరు దగ్గరికే రావాలి. రిజిస్టరులో ‘బి. సాయి కుమార్’, ఆధార్‌లో ‘సాయికుమార్ బొడ్డు’, పుట్టిన ధ్రువపత్రంలో ‘బొడ్డు సాయి’. ముగ్గురూ ఒక్కడేనని అమ్మకు తెలుసు, మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకు తెలియదు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు, ఇంటిపేరు విప్పి పూర్తిగా రాయాలి. టికెట్టూ, వీసా దరఖాస్తూ అక్షరం పొల్లుపోకుండా దాన్నే అనుసరించాలి. దిద్దుబాటు ఏదైనా పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితా (నామినల్ రోల్స్) వెళ్లేలోగా అయిపోవాలి. మైనరు పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనెక్సర్ డి అనే ప్రకటన పత్రం ఇవ్వాలి. తండ్రి గల్ఫ్‌లో ఉంటే ఆ ఒక్క కాగితానికే వారాలు గడిచిపోతాయి. అందుకే ప్రయాణం ఖాయమయ్యాక కాదు, పిల్లల పేర్లు ఎంపికైన రోజే ఈ పని మొదలవ్వాలి.

పంజాబు పిల్లలు మన ఊరొచ్చినప్పుడు అక్టోబరు, నవంబరు వద్దు, అవి తుపాన్ల నెలలు. సోమవారం కురుసుర సబ్‌మెరైన్ మూసి ఉంటుంది, ఆ రోజు సింహాచలం పెట్టుకోండి. సముద్రాన్ని ఎన్నడూ చూడని పిల్లలు బస్సు దిగగానే నీళ్లలోకి పరిగెడతారు. ఆర్కే బీచ్‌లో అలకు వెనక్కి లాగే గుణం ఉంది, నాలుగడుగుల్లో కాలికింద ఇసుక జారిపోతుంది. ఈత వచ్చిన పిల్లలకూ అదే ప్రమాదం, పంజాబులో వాళ్లు ఈదింది చెరువులోనో కాలువలోనో. ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి చొప్పున, పిల్లలకంటే సముద్రం వైపున నిలబడాలి, ఒడ్డు వైపున కాదు. చీలమండ దాటి నీళ్లలోకి వెళ్లనివ్వద్దు. బస్సులో ఉండగానే, హిందీ వచ్చిన టీచరు చేత, దిగకముందే ఈ మాట చెప్పించండి.