ఎక్కడివాడివన్న ప్రశ్న

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

2001 సెప్టెంబరు 21న టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్‌లో, ఒక పెట్రోలు బంకు దుకాణంలోకి తుపాకీ పట్టుకుని ఒక మనిషి వచ్చాడు. గల్లాపెట్టె దగ్గరున్న బంగ్లాదేశ్ యువకుడు రయీస్ భుయాన్, వచ్చినవాడు దొంగ అనుకుని, డబ్బు తీసి ముందుంచాడు. అతను ఆ డబ్బు వైపు చూడలేదు. "ఎక్కడివాడివి?" అని మాత్రం అడిగి, ముఖం మీద కాల్చాడు. భుయాన్ ప్రాణాలతో బయటపడ్డాడు కానీ ఒక కన్ను పోయింది. అంతకు ఆరు రోజుల ముందే ఆ హంతకుడు దుకాణం నడుపుకుంటున్న ఒక పాకిస్తానీని చంపాడు; అక్టోబరు 4న ఒక గుజరాతీ హిందువును చంపాడు. సెప్టెంబరు 11 దాడులకు అరబ్బుల మీద పగ తీర్చుకుంటున్నానన్నది అతని వాదన. ఆ ముగ్గురిలో ఒక్కరూ అరబ్బు కారు.

ఈ ఉదంతం మనవాళ్ళ మధ్య ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా, "పాపం, పొరపాటున ఒక హిందువు కూడా పోయాడు" అనే మాట దగ్గర కాసేపు ఆగుతాం. ఆ "పొరపాటున" అన్న మాట గురించే ఈ రోజు మాట్లాడాలనుకుంటున్నాను. మూడో మనిషి చావు పొరపాటయితే, మొదటి ఇద్దరి విషయంలో గురి తప్పలేదని, తెలియకుండానే, మనమే ఒప్పుకుంటున్నాం.

తుపాకీ పట్టినవాడు ఉన్మాది అని తేల్చుకుంటే మనసు కొంత కుదుటపడుతుంది. కానీ అదే ప్రశ్నను ప్రభుత్వం దరఖాస్తు రూపంలో అడిగిన సంగతి అంతగా చర్చకు రాలేదు. 2002లో అమెరికా ప్రభుత్వం ప్రత్యేక నమోదు పథకం ఒకటి తెచ్చింది. 25 దేశాల నుంచి తాత్కాలిక వీసాల మీద వచ్చిన, పదహారేళ్ళు నిండిన మగవాళ్ళు స్వయంగా వెళ్ళి వేలిముద్రలు, ఫోటో ఇచ్చి, అధికారుల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ 25లో ఉత్తర కొరియా ఒక్కటి తప్ప తక్కినవన్నీ ముస్లింలు అధికంగా ఉన్న దేశాలే. చట్టాన్ని గౌరవించి తమంతట తామే వెళ్ళి వరుసలో నిలబడినవాళ్ళు ఎనభై వేలకు పైగా ఉండగా, వారిలో సుమారు పదమూడు వేల మంది మీద, ఎక్కువగా వీసా గడువులు, కాగితాల లోపాల వంటి కారణాలతో, దేశం నుంచి పంపించే చర్యలు మొదలయ్యాయి. లాస్ ఏంజెలెస్‌లో నమోదుకు వెళ్ళిన ఇరానీయులను వందల సంఖ్యలో అక్కడికక్కడే నిర్బంధించారు. ఉగ్రవాద నేరం కింద మాత్రం ఈ నమోదు వల్ల ఒక్కరికీ శిక్ష పడలేదు. భారతదేశం ఆ జాబితాలో లేదు కనుక, మనకు ఆ వరుసల సంగతే పట్టలేదు.

న్యూయార్క్ పోలీసులు ఇంకొంచెం ముందుకు వెళ్ళారు. నిఘా విభాగంలో ఒక ప్రత్యేక దళాన్ని పెట్టి, మసీదులు, టీ దుకాణాలు, పుస్తకాల అంగళ్ళు, విద్యార్థి సంఘాలు ఎక్కడెక్కడున్నాయో పటాలు గీయించారు. మామూలు దుస్తుల్లో పోలీసులు అక్కడ కూర్చుని, చెవిన పడిన మాటలను రాసుకున్నారు. ఎవరిపైనా ఫిర్యాదు ఉండనక్కరలేదు. ఆ మాటలు ఉర్దూలో ఉంటే, ఆ సంగతి కూడా నివేదికకు ఎక్కదగినదే. చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగుతూ పక్క బల్ల దగ్గరి ఉర్దూ వింటూ పెరిగినవారికి ఇది ఎంత హాస్యాస్పదమో, ఎంత భయానకమో వేరే చెప్పనక్కరలేదు. 2011లో ఈ వ్యవహారం పత్రికలకెక్కింది. ఆరేళ్ళకు పైగా సాగిన ఈ పనిలోంచి ఒక్క ఉగ్రవాద దర్యాప్తుకైనా ఆధారం దొరకలేదని, మరుసటి ఏడాది ఆ విభాగపు అధికారే ప్రమాణం చేసి చెప్పాడు. 2014లో ఆ దళాన్ని రద్దు చేశారు. అయితే మసీదులో కొత్తగా కనిపించినవాణ్ణి చూసి, వీడు నమాజుకు వచ్చాడా, వేగుకు వచ్చాడా అని తోటి ముస్లింలే సందేహించే స్థితి ఒక ఉత్తర్వుతో రద్దయ్యేది కాదు.

2017 జనవరి 27న అధ్యక్షుడు ట్రంప్ ఏడు ముస్లిం దేశాల వారి ప్రవేశాన్ని నిషేధిస్తూ సంతకం చేశాడు. న్యాయం కోసం చెప్పాలి, ఆ వారమంతా విమానాశ్రయాల్లో వేలమంది అమెరికన్లు నిరసన తెలిపారు. టెక్సాస్‌లోని విక్టోరియాలో మసీదు తగలబడితే, ఊళ్ళోని యూదులు తమ ప్రార్థనా మందిరం తాళంచెవులు తెచ్చి ముస్లింలకు ఇచ్చారు. ఆ దేశాన్ని ఒకే రంగులో చిత్రించడం నా ఉద్దేశం కాదు.

నిషేధిత దేశాల జాబితాలో ఇరాన్ ఉంది. సంతకం జరిగిన ఇరవయ్యారో రోజున, ఫిబ్రవరి 22న, కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో, హైదరాబాద్ నుంచి వెళ్ళిన ముప్ఫై రెండేళ్ళ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్, స్నేహితుడితో కలిసి ఒక బార్‌లో కూర్చుని ఉండగా, ఒకడు వచ్చి ఏ వీసా మీద ఉన్నారని నిలదీశాడు. వెళ్ళి, తుపాకీతో తిరిగి వచ్చాడు. శ్రీనివాస్ మరణించాడు, స్నేహితుడు గాయపడ్డాడు, అడ్డుపడబోయిన తెల్లజాతి యువకుడు ఇయాన్ గ్రిలో శరీరంలోకి తూటా దూసుకుపోయింది. హంతకుడు పొరుగు రాష్ట్రానికి పారిపోయి, తాను ఇద్దరు ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు.

మళ్ళీ మన నోట అదే మాట వచ్చింది, పొరపాటని. మనం ఇరానీయులం కామని, ముస్లింలం కామని వివరించాలన్న తొందర మనలో చాలామందికి కలిగింది. నాకూ కలిగింది, దాచుకోను. ఆ రోజుల్లోనే అమెరికాలోని ఒక తెలుగు సంఘం మనవాళ్ళకు జాగ్రత్తలు చెబుతూ, బహిరంగ ప్రదేశాల్లో మాతృభాషలో మాట్లాడటం మానుకోవడం మంచిదని, దాన్ని ఎదుటివారు మరోలా అర్థం చేసుకోవచ్చని సూచించింది. న్యూయార్క్ టీ దుకాణాల్లో ఉర్దూ మాట్లాడేవారు ఏళ్ళ తరబడి పాటించిన జాగ్రత్త అది.