సాయంత్రం ఏడు గంటల లెక్క

అందరికీ నమస్కారం.

రేపటి ప్రపంచానికి, మన దేశానికి కావలసిన శక్తి అంతా ఎండ, గాలి, నీరు ఇవ్వగలవా? నన్ను మాట్లాడమన్నది దీని గురించే. సరిపోతుందా అని అడిగితే జవాబు తేలిక. భూమికి అందే సూర్యశక్తి సుమారు 1,73,000 టెరావాట్లు (ఒక టెరావాట్ అంటే లక్ష కోట్ల వాట్లు). పెట్రోలు, బొగ్గు, గ్యాసు అన్నీ కలిపి మనుషులందరం వాడేది 20 టెరావాట్లు, అటూ ఇటూగా. చెరువు నిండుగానే ఉంది. తూములు, కాలువలు ఉన్నాయా అన్నదే అసలు సంగతి.

కరెంటుకు ఒక పేచీ ఉంది. ఈ క్షణంలో ఎంత వాడుతున్నామో ఈ క్షణంలోనే అంత తయారు కావాలి. ఏ ప్లాంటు ఎంత కరెంటు ఇవ్వాలో చూసుకునే లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో ఎదురుగా ఒక అంకె కనిపిస్తూ ఉంటుంది: 50.00. అది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే దేశమంతటి లైన్లలో కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, హెర్ట్జ్‌లలో. మన గ్రిడ్ కోడ్ ప్రకారం 49.90కీ 50.05కీ మధ్య ఉండాలి. వాడకం పెరిగితే అంకె దిగుతుంది, ఉత్పత్తి ఎక్కువైతే ఎక్కుతుంది. డ్యూటీలో ఉన్నవాళ్ల టెన్షన్ అంతా ఆ చుక్క తర్వాతి రెండంకెల మీదే.

ఇప్పుడు ఒక వేసవి రోజు చూడండి. మధ్యాహ్నం ఒంటిగంటకు సోలార్ కరెంటు పొంగిపొర్లుతుంది. సాయంత్రం ఏడయ్యేసరికి సున్నా. సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, ఏసీలు మొదలవుతాయి. రెండు మూడు గంటల్లో ఏర్పడే ఆ గొయ్యిని ఇవాళ పూడుస్తున్నది ఎక్కువగా బొగ్గు, కొంత జలవిద్యుత్తు. సాయంత్రం అవసరమని బొగ్గు యూనిట్లను పగలంతా తక్కువ లోడులో నడుపుతూనే ఉంచాలి, పూర్తిగా ఆపితే మళ్లీ రాజేయడానికి గంటలు పడుతుంది. అందుకే ఒక్కోసారి మిట్టమధ్యాహ్నం సోలార్ ప్లాంట్లనే ఉత్పత్తి తగ్గించమంటున్నారు. ఎండ ఉచితం, దాన్ని పారబోస్తున్నాం.

2025 మధ్యకల్లా మన దేశ స్థాపిత సామర్థ్యంలో, అంటే ప్లాంట్లన్నీ పూర్తిగా నడిస్తే ఇవ్వగలిగినదానిలో, సగం బొగ్గు, గ్యాసు, డీజిల్ కానివాటిదే అయింది. 2030కి పెట్టుకున్న లక్ష్యం ఐదేళ్ల ముందే అందింది. మంచి విషయమే. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సోలార్ ప్లాంటు రాత్రీపగలూ సగటు తీస్తే తన సామర్థ్యంలో దాదాపు ఐదో వంతే ఇస్తుంది. మనం వాడే యూనిట్లలో ఇప్పటికీ డెబ్భై శాతం అటూ ఇటూగా బొగ్గువే.

మరి గొయ్యి పూడ్చేదెలా? బ్యాటరీల ధర బాగా పడిపోయింది. కాలిఫోర్నియాలో సాయంత్రం పీక్ లోడులో పెద్ద భాగాన్ని అవే మోస్తున్నాయి. నీళ్లతోనూ నిల్వ చేయవచ్చు. శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. కరెంటు మిగిలినప్పుడు అవే యూనిట్లు వెనక్కి తిరిగి, కింది నీళ్లను పైకి తోడగలవు; అవసరమైనప్పుడు ఆ నీళ్లనే కిందికి వదిలి మళ్లీ కరెంటు తీయవచ్చు. పంప్డ్ స్టోరేజీ అనే ఈ పద్ధతిలో నూరు యూనిట్ల కరెంటు పోస్తే డెబ్భై అయిదో ఎనభయ్యో తిరిగొస్తాయి. ఇరవై దండగ కదా అని ముక్కున వేలేసుకునేవాళ్లున్నారు. మధ్యాహ్నం ఆపేసిన సోలార్‌లో నూటికి నూరూ దండగే కదండీ!

నన్నడిగితే అన్నిటికంటే చౌక బ్యాటరీ వ్యవసాయ పంపుసెట్టు. దేశంలో వాడే కరెంటులో దాదాపు ఆరో వంతు పొలాలకే పోతుంది. ఏళ్ల తరబడి రైతుకు కరెంటు రాత్రిపూట ఇచ్చాం, అప్పుడే మిగిలేది కాబట్టి. టార్చిలైటు పట్టుకుని, గట్ల మీద పాములను తప్పించుకుంటూ పోయి, తడి చేత్తో స్టార్టర్ నొక్కి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. అదే మోటారును పగలు ఎండ కరెంటుతో నడిపితే నీళ్లు మడిలోనే నిల్వ ఉంటాయి. కరెంటును దాచే పనే లేదు. దీనికి కొత్త టెక్నాలజీ అక్కర్లేదు, పొలాలకు వెళ్లే ఫీడర్లను, అంటే సరఫరా లైన్లను, ఊళ్ల లైన్ల నుంచి విడదీసి టైమింగులు మారిస్తే చాలు. ఇంత తేలికైన పని గురించి మనం మాట్లాడుకునేది మాత్రం తక్కువ.

ఇంతదాకా చెప్పింది కరెంటు గురించే. ప్రపంచం చివరికి వాడుకునే మొత్తం శక్తిలో కరెంటు వాటా ఐదో వంతే. మిగతాది లారీలు, ఓడలు, విమానాలు, సిమెంటు, ఉక్కు, ఎరువులు, వంటపొయ్యి. ఇందులో కొంత ఊరట ఉంది. పెట్రోలు ఇంజన్‌లో ముప్పాతిక వంతు శక్తి వేడిగా పోతుంది, ఎలక్ట్రిక్ మోటారులో పోయేది కొంచెమే. కాబట్టి ఇప్పుడు తగలబెడుతున్నంతా కరెంటుగా తయారు చేయనక్కర్లేదు. ఉక్కు దగ్గర మాత్రం చిక్కే. బ్లాస్ట్ ఫర్నేస్‌లో బొగ్గు వేడి కోసమే కాదు, ఖనిజంలోంచి ఆక్సిజన్‌ను లాగేయడానికి కూడా. ఆ పని హైడ్రోజన్ చేయగలదు గానీ, ఇంకా ఖరీదెక్కువ.

కరెంటు వరకైతే పునరుత్పాదక శక్తి మన అవసరాల్లో చాలా భాగం తీరుస్తుందని ధైర్యంగా చెబుతాను. నిల్వ, ట్రాన్స్‌మిషన్ లైన్లు ప్యానెళ్లతో సమానంగా వేస్తేనే సుమా! కొంత అణువిద్యుత్తు పక్కనుంటే నాకు అభ్యంతరం లేదు. ఉక్కు, సిమెంటు, విమానాల విషయంలో తొందరపడి తేదీలు చెప్పేవాళ్లను నేను నమ్మను.

ఇప్పుడు టైము ఏడు కావస్తోంది. ఈ హాల్లో లైట్లకు వస్తున్న కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. ఇక మీ ప్రశ్నలు అడగండి.